ఓడల్లేని రేవుకు దుబాసీలెవరు?

మదనపల్లె టమోటా యార్డు. పొద్దెక్కేసరికి నీరుగట్టువారిపల్లె దారంతా ఎరుపే. ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు... వాటి నిండా క్రేట్లు. మండీ ముందు కాయ దిగిందో లేదో, వేలం మొదలవుతుంది.

పాట తెలుగులో సాగుతుంది. కానీ చుట్టూ నిలబడ్డవాళ్లంతా తెలుగువాళ్లు కారు. ఒకాయన తమిళనాడు నుంచి వచ్చిన వ్యాపారి. పక్కనున్నది కర్ణాటక పల్లె నుంచి సరుకు తెచ్చిన రైతు. కాస్త ఎడంగా నిలబడి ఫోన్లో హిందీ మాట్లాడుతున్నది ఉత్తరాది కొనుగోలుదారు మనిషి. క్రేట్లు మోసే కుర్రాళ్లు తమలో తాము ఉర్దూలో జోకులేసుకుంటారు.

ఈ గోలలో మూడు దక్షిణాది చెవులకూ ఒకేలా వినిపించే మాట ఒకటుంది... 'నూరు'! తెలుగులో నూరు, కన్నడంలో నూరు, తమిళంలోనూ నూరే. అక్కడిదాకా చిక్కులేదు. నూరు దాటి ఎనిమిది అంటేనే తంటా. అది కన్నడిగుడికి 'ఎంటు', తమిళుడికి 'ఎట్టు'. అదిగో, అప్పుడు మధ్యలోకి ఓ మనిషి వస్తాడు. చెవిలో పెన్ను, చేతిలో చీటీల పుస్తకం. ఇటు తిరిగి తెలుగు, అటు తిరిగి తమిళం, మెడ తిప్పితే కన్నడం. రెండు నిమిషాల్లో బేరం తెగిపోతుంది. ఎవరి దారిన వాళ్లు పోతారు.

మండీ లెక్కల్లో ఆ మనిషి గుమాస్తా. చీటీలు రాసినందుకే జీతం. మూడు భాషల మధ్య వంతెన కట్టినందుకు కాదు. ఆ రెండో పనికి ఈ యార్డులో పేరు కూడా లేదు. ఒకప్పుడు మాత్రం ఉండేది. దాన్ని దుబాసీ పని అనేవారు.

రేవు ఉండాలంటే సముద్రం ఉండాలా?

ద్విభాషి... రెండు భాషలు తెలిసినవాడు. ఆ మాటే వాడుకలో అరిగి 'దుబాసీ' అయింది. దుబాసీలకు పుట్టినిల్లు రేవు పట్టణాలు. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. డచ్చివాళ్లు అంతకు కొద్దిగా ముందే వచ్చి కూర్చున్నారు. గోల్కొండ దర్బారు కాగితాలు పారసీలో. నేతగాళ్లూ అద్దకం పనివాళ్లూ మాట్లాడేది తెలుగు. సముద్రం మీద అన్ని జాతులవాళ్లకూ అక్కరకొచ్చేది వచ్చీరాని పోర్చుగీసు. ఇన్నింటి మధ్య ఒక బేలు బట్ట చేతులు మారాలంటే దుబాసీ నోరు కదలాల్సిందే. 1639లో చెన్నపట్నంలో కంపెనీకి చోటు దొరికిన బేరంలోనూ బేరి తిమ్మప్ప అనే దుబాసీ పేరు వినిపిస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడూళ్లకూ సముద్రం లేదు. ఓడ అంటే ఇక్కడి పిల్లలకు పుస్తకంలో బొమ్మే. అయినా ఒక రేవులో ఏమేం జరుగుతాయో అవన్నీ ఇక్కడ జరుగుతాయి. ఎక్కడెక్కడి మనుషులో దిగుతారు. సరుకు చేతులు మారుతుంది. ఒకరి మాట మరొకరికి అర్థం కావాల్సి వస్తుంది. నీళ్ల బదులు మూడు రాష్ట్రాల సరిహద్దు ఉంది, అంతే తేడా.

సరుకు సంగతే చూడండి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది మదనపల్లె. వేరే చోట్ల ఎండలకు టమోటా చేతికి రాని రోజుల్లో ఈ చల్లని నేల కాయ ఇస్తుంది. అందుకే తమిళనాడు మొదలు ఢిల్లీ వరకు లారీలు ఇక్కడికి పరుగెత్తుకొస్తాయి. 2023 జూలై ఆఖరులో ఇక్కడ కిలో ధర 200 రూపాయల అంచును తాకితే దేశమంతా ఈ ఊరి పేరు చదివింది. అదే నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలూ ఆడతాయి. ఇక్కడి పట్టు వ్యాపారానికి ఒక కాలు బెంగళూరులో ఉంటుంది. ఇక కుప్పం. చెన్నై-బెంగళూరు రైలు మార్గం ఊళ్లోంచే పోతుంది. కొండల్లో తీసే 'కుప్పం గ్రీన్' గ్రానైటుకు విదేశాల్లోనూ పేరుంది. గంట ప్రయాణం చేస్తే కోలారు బంగారు గనుల ఊరు. 2001లో మూతపడేదాకా ఆ గనుల్లో తమిళులూ, చిత్తూరు పల్లెల తెలుగువాళ్లూ భుజం భుజం కలిపి దిగారు.

గీతలు కదిలాయి... మనుషులు కదల్లేదు

ఇన్ని భాషలు ఇక్కడ ఎప్పుడు కలిశాయి? కలవడమేమిటి, మొదటినుంచీ కలిసే ఉన్నాయి! విడదీసినవి గీతలే.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టింది. మదనపల్లె అంతకుముందు కడప జిల్లాలో భాగం. పుంగనూరు జమీందారీ, కుప్పం చుట్టుపక్కల కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. అంటే ఒకటి తెలుగు జిల్లా నుంచి వచ్చింది, మిగతావి తమిళ, తెలుగు పల్లెలు కలగలిసిన జిల్లా నుంచి వచ్చాయి. పొరుగున మైసూరు సంస్థానం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చిత్తూరు అందులోకి వచ్చింది. తగవు అక్కడితో తీరలేదు. పటాస్కర్ సూచనల మీద చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1న మళ్లీ గీత జరిపారు. తిరుత్తణి మద్రాసుకు పోయింది. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి కొన్ని పల్లెలు ఇటు వచ్చాయి. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోగా, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి.

ప్రతిసారీ కచేరీ మారింది. కాగితం మీది భాష మారింది. పెళ్లి సంబంధాలు, సంతలు, జాతరలు మాత్రం మారలేదు. కుప్పం గంగమ్మ జాతరకు గీతకు అవతలి ఊళ్ల నుంచీ జనం వస్తారు. వాళ్లకు అమ్మవారు ఏ రాష్ట్రమో పట్టదు.

మాటలూ అలాగే గీత దాటాయి. ఈ సీమలో బంగాళాదుంపను 'ఉర్లగడ్డ' అంటారు. అది తమిళుల 'ఉరుళై' ఇచ్చిన మాట. అడంగల్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే రైతు, తాను అడుగుతున్నది తమిళ మాట అని ఒక్కసారైనా అనుకుంటాడా? మాటలు అరువు తెచ్చుకోవడంలో ఈ ఊళ్లకు మొహమాటం లేదు. తీర్చాల్సిన అప్పూ కాదది!

జాతీయగీతానికి ఇంగ్లీషు మాట

మదనపల్లెకు అనువాదం కొత్త విద్య కాదు. అందులో ఈ ఊరికి మరే ఊరికీ లేని గౌరవమే ఉంది.

1915లో అనిబిసెంట్ ఇక్కడ కళాశాల పెట్టారు. ఐర్లాండు కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపల్. 1919 ఫిబ్రవరిలో ఆయన ఆహ్వానం మీద రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చారు. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు తన బెంగాలీ పాట పాడారు. అంతకు ఏడేళ్ల కిందట, 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభల్లో తొలిసారి వినిపించిన పాట అది... జనగణమన. బెంగాలీ రాని శ్రోతలకు రాగం నచ్చింది. మరి అర్థం? కవే కలం పట్టారు. ఫిబ్రవరి 28న ఆ పాటను తన చేతులతో ఇంగ్లీషులో పెట్టారు. 'మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టారు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం తెలిసినావిడ. స్వరాలు రాసి పెట్టారు. 1950 జనవరి 24న ఆ పాటే జాతీయగీతం అయింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పాట పుట్టిన బెంగాలుకు ఆ అనువాదంతో పనిలేదు. దాని అవసరం వచ్చింది మదనపల్లెలో... బెంగాలీ కవి, ఐరిష్ దంపతులు, దక్షిణాది పిల్లలు ఒకే చోట కూర్చున్న సాయంత్రాన. భాషలు కలిసేచోటే అనువాదం పుడుతుంది. రేవు స్వభావం అదే.

ఈ ఊరికే చెందిన మరో విడ్డూరం. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ప్రపంచమంతా తిరిగి ప్రసంగించింది ఇంగ్లీషులో. ఆయన మాట సొంత ఊరికి తెలుగులోకి అనువాదమయ్యే తిరిగొచ్చింది! ఆయన పేరుతో ముడిపడిన రిషివ్యాలీ మాత్రం ఆ బాకీ మరోలా తీర్చింది. ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలుండే పల్లెబడుల కోసం అక్కడివాళ్లు తెలుగులో కార్డులు తయారుచేశారు. బొమ్మ, మాట, ఆట... ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతి. 1990లలో మైసూరు జిల్లా ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళ్లారు. కర్ణాటకలో అది 'నలి-కలి' అయింది. తర్వాతి దశాబ్దంలో చెన్నై కార్పొరేషన్ బడులూ ఆ దారి పట్టాయి. కార్డు మీద మామిడిపండు బొమ్మ ఉంటే సరిపోదు, దాని కింద పిల్లవాడి ఇంటిమాట ఉండాలి. కాబట్టి ప్రతి కార్డూ మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. మదనపల్లె నుంచి ఎగుమతైంది టమోటా ఒక్కటే కాదన్నమాట.

'అవసరం' అంటే ఏమిటి?

అనువాదం అనగానే కథలూ కవిత్వమూ గుర్తొస్తాయి. కానీ అది లేకపోతే ఎక్కడ ప్రాణం మీదికొస్తుందో ఆసుపత్రిని అడగాలి.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం. క్షయకు మందు లేని రోజుల్లో, 1912లో క్రైస్తవ మిషన్లు కొన్ని కలిసి మొదలుపెట్టిన శానిటోరియం. దాన్ని నడిపింది డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. గాలి మంచిదని దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు వచ్చి నెలల తరబడి ఉండేవారు. డేనిష్ డాక్టరు, తెలుగు నర్సు, తమిళ రోగి, కన్నడ పక్కమంచం. 'దగ్గు ఎన్నాళ్లుగా?' అన్న ఒక్క ప్రశ్న ఎన్ని నోళ్లు మారాలి!

ఈ సరిహద్దులో ఏ ఆసుపత్రికెళ్లినా ఇప్పటికీ ఆ దృశ్యమే. తమిళ ముసలమ్మ 'నెంజు వలి' అంటుంది. గుండెలో నొప్పి అని దానర్థం. 'మయక్కం' అంటుంది. కళ్లు తిరుగుతున్నాయని. కొత్తగా కోస్తా నుంచి వచ్చిన డాక్టరుకు ఈ రెండూ కొత్తే. ఆయాను పిలుస్తారు. ఆమె లేకపోతే వార్డులో ఇంకో రోగి తోడొచ్చిన మనిషిని బతిమాలతారు.

తెలియని మాటతో పెద్ద ప్రమాదం లేదు. తెలియదని తెలుసు కాబట్టి అడుగుతాం. అసలు ప్రమాదం తెలిసినట్టే ఉండే మాటతో! 'అవసరం' అనే మాటే తీసుకోండి. తెలుగువాడికి అది కావలసినది. తమిళుడికీ కన్నడిగుడికీ అది తొందర. తమిళంలో 'అవసర చికిత్స' అంటే ఎమర్జెన్సీ. 'రక్తం అవసరం' అని తెలుగువాడు మామూలుగా అంటే, తమిళుడి గుండె ఝల్లుమంటుంది. తిరగేసి చూడండి. తమిళుడు 'అవసరం, అవసరం' అని మొత్తుకుంటుంటే, 'ఏదో కావాలంటున్నాడు, కూర్చోమను' అని తెలుగు చెవి తాపీగా ఉండిపోవచ్చు. 'నెల' అంటే మనకు ముప్ఫై రోజులు, కన్నడిగుడికి నేల. 'వ్యవసాయం' మనకు సేద్యం, మలయాళికి పరిశ్రమ. ఒకే తల్లి పిల్లలైన భాషల్లో పోలికలెంత ఉంటాయో, పొరబాట్లూ అంతే ఉంటాయి.

నోటికి దుబాసీ ఉన్నాడు... కాగితానికి?

పుంగనూరు అనగానే అందరికీ గుర్తొచ్చేది పొట్టి ఆవు. 2024 సంక్రాంతినాడు ప్రధాని నివాసంలోనూ కనిపించిన జాతి. పశువుల సంతల్లో బేరానికి పాత పద్ధతి ఒకటుంది. ఇద్దరి చేతులూ ఒకే తువ్వాలు కింద ఉంటాయి. నోరు పెగలదు. వేళ్లు నొక్కి ధర చెబుతారు. ఏ భాషా అక్కర్లేదు!

కానీ బతుకంతా తువ్వాలు కింద నడవదు. కాగితం ఎదురవుతుంది. పుంగనూరు దాటి కాస్త పడమటికి పోతే కర్ణాటక పల్లెలే. అక్కడి అంగడిలో దగ్గరని పురుగుమందు డబ్బా కొంటాడొక రైతు. చట్టం ప్రకారం డబ్బాతో ఒక కరపత్రం ఇవ్వాలి. ఎంత నీళ్లలో ఎంత కలపాలి, పొరబాటున ఒంట్లోకి పోతే విరుగుడేమిటి అన్నీ అందులో ఉండాలి. ఇంగ్లీషు, హిందీలతో పాటు అమ్మే ప్రాంతపు భాషలో. అక్కడ ప్రాంతపు భాష కన్నడం. కాయ పండించేది తెలుగు రైతు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కాబట్టి కూడబలుక్కుని కొంత చదవగలడు. అదే తమిళ కరపత్రమైతే అదీ లేదు.

అక్కడ ఆదుకునేది రంగు. డబ్బా మీద డైమండు ఆకారంలో గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అతి భయంకరమైన విషం, పసుపైతే దాని తర్వాతిది, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చైతే తక్కువ విషం. అక్షరం రానివాడికీ అర్థం కావాలని చేసిన ఏర్పాటు అది. అయితే రంగు విషమని చెబుతుంది గానీ, విరుగుడు చెప్పదు. విరుగుడు కరపత్రంలోనే ఉంది. తెలియని అక్షరాల్లో.

భూమి కాగితాలది మరో కథ. మనకు అడంగల్, 1బి. తమిళనాడులో పట్టా, చిట్టా. కర్ణాటకలో పహణి. అమ్మమ్మ ఊరు గీతకు అవతల ఉన్నవాళ్లు ఇక్కడ ఇంటికొకరు. తాత ఇచ్చిన చేను కర్ణాటకలో ఉంటే, కాగితం మీద విస్తీర్ణం 'గుంటె'లలో ఉంటుంది. ఎకరాకు 40 గుంటెలు. మనకు ఎకరాకు 100 సెంట్లు. అంటే ఒక గుంటె రెండున్నర సెంట్లు. పది గుంటెలంటే పాతిక సెంట్లు, పావెకరం. ఆ లెక్క తెలియక పది గుంటెలను పది సెంట్లనుకున్నవాడికి పదిహేను సెంట్లు పోయినట్టే. అనువాదం అంటే మాట మార్చడమే కాదు, కొలత మార్చడం కూడా.

పేర్లదీ అదే తంటా. మనకు ముందు ఇంటిపేరు. తమిళుడికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు తాలూకు పొడి అక్షరమే. పైగా తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం. కాగితం తమిళంలోకి వెళ్లి మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చేసరికి గోపాలయ్య కోపాలయ్య అయ్యే వీలుంది. ఆ ఒక్క అక్షరం తేడాతో బ్యాంకులో, బీమాలో, పింఛన్లో 'ఈయనా ఆయనా ఒకరేనా?' అన్న ప్రశ్న పుడుతుంది. నేను నేనే అని రుజువు చేసుకోవడానికి ఒక బతికున్న మనిషి ఎన్ని మెట్లు ఎక్కాలి!

చట్టం ఈ సంగతిని మరచిపోలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రారుకు తెలియని, ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో దస్తావేజు ఉంటే, దానికి సరైన అనువాదం జతచేయాలి. క్రిమినల్ కోర్టులో తనకు అర్థం కాని భాషలో సాక్ష్యం చెబితే, దాన్ని అర్థమయ్యే భాషలో వినిపించమనే హక్కు ముద్దాయికి ఉంది. రాష్ట్రంలో పదో తరగతి పరీక్షను తెలుగు, ఇంగ్లీషుల్లోనే కాకుండా ఉర్దూ, తమిళం, కన్నడం, ఒరియాల్లోనూ రాసే వీలుంది. చిన్నతరగతుల్లో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది.

అంటే అనువాదం కావాలని అందరూ ఒప్పుకున్నదే. చేసేదెవరన్నదే ప్రశ్న.

ఊళ్లోనే ఉన్న విశ్వవిద్యాలయం

జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. కుప్పం చాలు.

1997లో ఇక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పెట్టింది, పొరుగు రాష్ట్రాలు చేయి కలిపాయి. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ఒకే ప్రాంగణంలో చదువుకునే చోటు. రాతలేని గిరిజన భాషలనూ, తుళునూ పట్టించుకోవాలన్నది దాని తొలి సంకల్పంలోనే ఉంది. ఆ చోటుకు పేరు శ్రీనివాసవనం. ఒక ద్రావిడ భాషలోని పుస్తకం ఇంకో ద్రావిడ భాషలోకి ఇంగ్లీషు దారి చుట్టి రాకుండా నేరుగా రావాలన్నది ఇక్కడి ఆలోచన. మూడు రాష్ట్రాలు కలిసేచోట దాన్ని పెట్టడం ఎంత సరైన పనో యార్డులో గుమాస్తాను చూస్తే తెలుస్తుంది. జనగణమనలో 'ద్రావిడ' అన్న మాట ఉంది. ఆ పాట ఇంగ్లీషులోకి మారింది మదనపల్లెలో. ద్రావిడ పేరుతో విశ్వవిద్యాలయం వెలిసింది కుప్పంలో. కాకతాళీయమే కావచ్చు. కానీ ముచ్చటైన కాకతాళీయం.

అయితే ఆ ప్రాంగణానికీ, ఆసుపత్రి ఓపీ చీటీకీ మధ్య దూరం ఇంకా తరగలేదు. అక్కడ కావ్యాలు అనువాదమవుతాయి. డిశ్చార్జి కాగితం కాదు. వ్యాకరణాలు పోల్చిచూస్తారు. పహణిని అడంగల్‌తో పోల్చి చూపే చిన్నపుస్తకం రైతు చేతికి రాదు. తప్పు విశ్వవిద్యాలయం ఒక్కదానిదే కాదు. రెండు భాషల్లో పట్టా తీసుకున్న పిల్లవాణ్ణి 'రా, మా బల్ల దగ్గర కూర్చో' అని పిలిచే ఆసుపత్రి గానీ, మార్కెట్ కమిటీ గానీ ఉండాలి కదా. కోర్టుల్లో తర్జుమా చేసే సిబ్బంది ఉంటారు. మిగతా చోట్ల ఆ కుర్చీయే వేయలేదు.

ఫోన్ ఉందిగా అంటారు. నిజమే. అనువాదానికి యంత్రాలొచ్చాయి. 2008లో కేంద్రం జాతీయ అనువాద మిషన్ మొదలుపెట్టింది. 2022లో 'భాషిణి' తెచ్చింది. ఫోన్లో మాట్లాడితే మరో భాషలో పలుకుతోంది. వేలంలో ధర అడగడానికి అది చాలు. పొరుగూరి బస్సు ఎప్పుడో కనుక్కోవడానికీ చాలు. కానీ మదనపల్లె పల్లెల్లో ముసలాయన 'ఎట్టనో ఉండాది నాయనా' అంటే, ఆ 'ఎట్టనో'లో నొప్పి ఎంత, భయమెంత, డబ్బుల్లేవన్న దిగులెంత? పక్కన కూర్చున్న ఆయాకు తెలుస్తుంది. యంత్రం తప్పు చెబితే దాన్ని నిలదీసేదెవరు? రెండు భాషలూ తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటేనే ఆ తప్పు బయటపడుతుంది.

వారసులేరీ?

ఇన్నాళ్లూ ఈ రేవును నడిపింది పేరులేని దుబాసీలు. మండీ గుమాస్తా, ఆసుపత్రి ఆయా, దస్తావేజు లేఖరి, బస్సు కండక్టరు, తమిళనాడు నుంచి వచ్చిన కోడలు. వాళ్లెవరూ బడిలో భాషలు నేర్చుకోలేదు. సంతలో, గనిలో, పక్కింటి అరుగు మీద నేర్చుకున్నారు. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, అంగడిలో ఒకటి.

ఇప్పుడు తాతకు మూడు భాషలొచ్చు. కొడుకుకు రెండు. మనవడికి ఇంగ్లీషు మీడియం. అతనికి ఇంగ్లీషు రావడం మంచిదే, రావాలి కూడా. కానీ అవ్వ పక్కింటి తమిళావిడతో మాట్లాడుతుంటే ఆ పిల్లవాడు ఫోను చూసుకుంటున్నాడు. బడిలో ఆ భాషకు మార్కుల్లేవు. ఉద్యోగ ప్రకటనలో దానికి చోటు లేదు. డబ్బులు తేని విద్యను ఇల్లు ఎన్నాళ్లు మోస్తుంది?

చేయదగినవి పెద్ద పనులేం కావు. సరిహద్దు ఆసుపత్రుల్లో ఓపీ బల్ల దగ్గర 'తమిళం తెలుసు', 'కన్నడం తెలుసు' అని ఆ అక్షరాల్లోనే రాసిన పలక, దాని వెనక జీతమిచ్చే ఒక మనిషి. మార్కెట్ యార్డు చీటీ మూడు లిపుల్లో. గుంటెకూ సెంటుకూ లెక్క చెప్పే ఒక పట్టిక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు గోడమీద. విశ్వవిద్యాలయం విద్యార్థులు ఏడాదిలో కొన్నాళ్లు ఈ బల్లల దగ్గర పనిచేస్తే వాళ్లకు చదువు, జనానికి మేలు.

ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టేముందు, దానితో లాభంలేని మనిషి చేత చదివించుకోవాలి. అమ్మేవాడి మనిషే చదివి అర్థం చెబితే అది అనువాదం కాదు, బేరం. పక్కరాష్ట్రంలో కొన్న పురుగుమందు కరపత్రాన్ని పారేయకుండా, పిచికారీకి ముందే రెండు భాషలూ తెలిసినవాళ్లకు చూపించాలి. పిల్లల పేరు స్పెల్లింగు అన్ని కాగితాల్లోనూ ఒక్కటే ఉండేలా మొదటినుంచీ చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం... అవ్వకు వచ్చిన రెండో భాషను మనవడి చెవిన పడనివ్వాలి.

సాయంత్రానికి యార్డు ఖాళీ అవుతుంది. లారీలు తలో దిక్కూ పోతాయి. నలిగిన కాయలు నేలమీద, వాటి మధ్య చీటీలు ఏరుకుంటూ గుమాస్తా. తమిళనాడు నుంచి ఫోను. 'సరక్కు వందదా?' అని అడుగుతున్నారు... సరుకు వచ్చిందా అని. ఆయన తమిళంలో జవాబు చెప్పి ఫోను పెట్టేసి, పక్కనున్న కుర్రాడికి కన్నడంలో లెక్క అప్పజెప్పి, ఇంటికి ఫోను చేసి తెలుగులో అడుగుతాడు... 'పిల్లోడు సదువుకుంటా ఉండాడా?'

పిల్లోడు చదువుకుంటున్నాడు. వచ్చే ఏళ్లలో ఆ మొదటి ఫోను ఎత్తేదెవరన్నది మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు.